నోరు లేని చుట్టాలు

మా ఆఫీసులో ఎవరిదీ కాని పని ఏదైనా ఉంటే అది నాది. ఏసీ మరీ చల్లగా ఉందని ఒకరు, అస్సలు చల్లగా లేదని పక్క కుర్చీలోంచే ఇంకొకరు, ఒకే నిమిషంలో మెయిలు పెడతారు. ఇద్దరికీ నేనే జవాబు చెప్పాలి. కాఫీ మిషన్‌లో పాలు అయిపోయినా, లిఫ్టు మధ్యలో ఆగిపోయినా, బేస్‌మెంటులో నీళ్లు ఊరినా నా ఫోనే మోగుతుంది. హైటెక్ సిటీ అద్దాల మేడలు చూసి లోపల అంతా మెదళ్లతోనే నడుస్తుందనుకుంటారు జనం. సగం నాలాంటి వాళ్ల మోకాళ్లతో నడుస్తుంది.

యాభై దాటాక ఒక రకం అలసట వస్తుంది. అది నిద్రపోతే పోయేది కాదు. ఆదివారం మధ్యాహ్నం లేచి కూర్చున్నా భుజాల మీద అలాగే ఉంటుంది. డాక్టరు విటమిన్ మాత్రలు రాశాడు. మాత్రలు అయిపోయాయి, అలసట మిగిలింది.

అందుకని ఆ మెయిలు వచ్చినప్పుడు నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, నీరసం. మా కంపెనీకి పని ఇచ్చే ఆస్ట్రేలియా సంస్థవాళ్లు మాకొక బహుమతి పంపుతున్నారట. బహుమతి అంటే వస్తువు కాదు, మనిషి. అక్కడి మూలవాసి చిత్రకారిణి ఒకామె వచ్చి, మా లాబీ గోడకు బిగించిన పెద్ద కాన్వాసు మీద తన పూర్వీకుల ఆత్మలను చిత్రిస్తుంది. 'కావలసిన ఏర్పాట్లు చూడగలరు' అని చివర్లో నా పేరు. పూర్వీకుల సంగతి తర్వాత, ముందు ఆ ఎత్తుకు సరిపడే నిచ్చెన ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈ ఊరివాణ్ణే. ఈ ఊరు అంటే ఇప్పుడున్న హైటెక్ సిటీ కాదు, దాని కింద పడిపోయిన ఊరు. మా ఆఫీసు ఉన్న క్యాంపస్‌లో ఒక మూల మా నాన్న జొన్న వేసిన చేను. గేటు దగ్గర పచ్చిక మధ్యలో ఒక పెద్ద రాతి గుండు ఉంది. రాత్రయితే దానికి నీలం లైట్లు వేస్తారు, పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ గుండు నీడలో కూర్చుని నేను సద్ది తిన్నాను. ఈ ముక్క ఆఫీసులో ఏ ఒక్కరికీ చెప్పలేదు. చెబితే వచ్చే 'అయ్యో' నాకు బాగా తెలుసు. 'అయ్యో, అప్పుడే పోగొట్టుకున్నారా? ఇప్పుడుంటేనా…' అంటారు. పిల్లనిచ్చిన మామ దగ్గర్నుంచి పాలు పోసేవాడి దాకా అందరి దగ్గరా ఆ 'అయ్యో' తిన్నవాణ్ణి. కడుపు నిండిపోయింది, ఇక చాలు.

చేను ఎలా పోయిందన్నది పెద్ద కథ. ఎవరో వచ్చారు, ఎవరో కొలిచారు, నాన్న వేలిముద్ర వేశాడు. ఇస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ చేను మూలన మూడు రాళ్లుండేవి. అవి మా పెద్దల రాళ్లు. ఒకటి తాతది, ఒకటి తాత తండ్రిది. మూడోది చిన్నది, మోకాలెత్తు కూడా ఉండదు. అది నాకంటే ముందు పుట్టి మూడేళ్లకే జ్వరంతో పోయిన మా అన్నది. నాకిప్పుడు తల నెరిసింది. మా అన్నకు ఇంకా మూడేళ్లే.

ఏటా బతుకమ్మకు ముందు వచ్చే పెత్రమాస నాడు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, అమ్మ ఆ రాళ్లను కడిగి, పసుపు రాసి, మోదుగాకు విస్తట్లో అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు పెట్టేది. చిన్న రాయికి వేరే ఆకు. అందులో కారం లేని పప్పు, బెల్లం ముక్క. కాకి వచ్చి ముట్టేదాకా మాకెవరికీ అన్నం లేదు. రాళ్లు పోయాక, నాన్న పోయాక, మేం లింగంపల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులోకి వచ్చి పడ్డాం. బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించాం. పావురాలు రావు, సరే, కాకీ రాదు. పైన డాబా మీద పెట్టి చూసింది అమ్మ. వలలు లేని చోటే కదా అని పావురాలన్నీ అక్కడే కాపురం పెట్టాయి. పెద్దల అన్నం పావురాలు తిన్నాయి. ఆ రోజు అమ్మ ముఖం చూడలేకపోయాను.

"వాళ్ళకు మన ఇల్లు తెలుస్తలేదురా," అనేది ప్రతి ఏడూ. "మీ తాతలంటే పెద్దోళ్ళు, ఎవల్నన్న అడుక్కుంట అడుక్కుంట వస్తరు. పిల్లగానికి తొవ్వెట్ల ఎరికైతది?"

మొదట్లో అయితే విసుక్కునేవాణ్ణి. తర్వాత విసుక్కోవడానికి కూడా ఓపిక లేకపోయింది. టీవీ సౌండు పెంచేవాణ్ణి. డెబ్బై ఏళ్లు దాటిన అమ్మకు ఈ లోకంలో మిగిలిన దిగులు అదొక్కటే. మూడేళ్ల పిల్లాడు ఎన్నో ఏళ్లుగా ఆకలితో ఎక్కడో తిరుగుతున్నాడని.

చిత్రకారిణి సోమవారం దిగింది. ముసలావిడ, పొట్టిగా ఉంది. పూల గౌను, నెత్తిన ఊలు టోపీ. మా లాబీ చలికి ఆ టోపీ పెట్టుకున్న తెలివైన మనిషి ఆమె ఒక్కతే. మెట్లెక్కుతూ మోకాలి మీద చెయ్యి వేసి ఆగింది. అక్కడే నాకు చుట్టమైపోయింది. ఆమె ఇంగ్లీషు మా ఆఫీసు ఇంగ్లీషు కాదు, తక్కువ మాటలతో నెమ్మదిగా మాట్లాడుతుంది. నా ఇంగ్లీషూ అంతే కాబట్టి మాకిద్దరికీ బాగా కుదిరింది.

తను గీయబోయేది ఎలా ఉంటుందో చూపడానికి చిన్న పటం ఒకటి తెచ్చింది. తెల్లటి ముఖాలు. పెద్ద పెద్ద నల్లని గుండ్రటి కళ్లు, సన్నటి ముక్కు. తల చుట్టూ ఎర్రమట్టి రంగు వలయం, దాని మీంచి లేచిన గీతలు. నోరు లేదు. ఒక్క ముఖానికీ లేదు. వీళ్లు తన వాళ్లని చెప్పింది. మొదట్లో వీళ్లే వచ్చి కొండలు, వాగులు చేశారట. పని అయిపోయాక రాతిలోకి వెళ్లి, ఆ రాతి మీద బొమ్మలై నిలిచిపోయారట. రంగు వెలిసిపోతే వాళ్లు నీరసపడతారు, అప్పుడు వానలు కూడా రావు, అందుకని వాళ్ల మనుషులే మళ్లీ మళ్లీ రంగు పూయాలట. వీళ్లను గీసే హక్కు తనకు తండ్రి నుంచి వచ్చిందనీ, ఎవరు పడితే వాళ్లు గీయకూడదనీ చెప్పింది.

మా హెచ్‌ఆర్ మేడమ్ గోదావరి వైపు ఆవిడ. మంచి మనిషే కానీ అన్నిటికీ నవ్వు ముఖం ఉండాలంటుంది.

"చిన్న స్మైల్ ఏమైనా పెట్టగలరేమో అడగండి. ఎంప్లాయీస్‌కి పాజిటివ్‌గా ఉంటుందండీ," అంది నాతో.

అడిగాను. ముసలావిడ పడీ పడీ నవ్వింది. నోరు పెడితే వాన మొదలవుతుంది, ఇక ఆగదు అంది. ఆ మాట తెలుగులో చెప్పగానే హెచ్‌ఆర్ మేడమ్ రెండు చేతులూ ఊపేసింది.

"వద్దులెండి, వద్దు! అరగంట వానకే మనం మూడు గంటలు క్యాబ్‌లో కూర్చుంటున్నాం."

అంతా బాగానే ఉంది కానీ ఆమె కుంచె పట్టలేదు. రంగులు సర్దుకుంది, గోడకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది, టీ తాగింది. మధ్యాహ్నం నన్ను పిలిచి, ఇది ఎవరి నేల అని అడిగింది. లీజుకు తీసుకున్నామన్నాను. ఎవరి దగ్గర అంది. బిల్డింగు ఓనరు దగ్గర అన్నాను. ఆయన తాతలు ఇక్కడివాళ్లేనా అంది. కాదన్నాను. అయితే ఇక్కడివాళ్లు ఎవరు అని అడిగింది. నేను నిచ్చెన బిగింపులు సరిచూడటం మొదలుపెట్టాను.

"నేను ఒక్కదాన్నే రాలేదు," అని నెమ్మదిగా చెప్పింది. "నా పెద్దలను వెంట తెచ్చాను. వీళ్లను గోడ మీద కూర్చోబెడతాను, నేను వెళ్లిపోతాను, వీళ్లు ఉంటారు. ఈ నేలకు కూడా పెద్దలుంటారు కదా. అడక్కుండా ఒకరి ఇంట్లో నా వాళ్లను ఎలా వదిలేసి పోను?"

ఈ మాట పైకి చేరేసరికి మా వాళ్లకు అర్థమైంది ఒకటే, ఆమెకు స్వాగతం సరిగ్గా జరగలేదని. మర్నాడు వైస్ ప్రెసిడెంట్ గారు స్వయంగా దిగివచ్చి శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, ఫోటో తీయించారు. బిల్డింగు ఓనరు తరఫున ఒకాయన వచ్చి ఇంకో శాలువా కప్పాడు. ఆమె ఇద్దరికీ దండం పెట్టింది. రెండు శాలువాలూ ఒడిలో మడిచి పెట్టుకుని మళ్లీ ఆ స్టూలు మీదే కూర్చుంది. మన దగ్గర ఎవరు అలిగినా మందు శాలువాయే. ఆవిడకు అది పనిచేయలేదు.

శుక్రవారం ఆవిష్కరణ పెట్టుకున్నారు. ఆస్ట్రేలియా నుంచి పెద్దవాళ్లు వీడియోలో చూస్తారు. హెచ్‌ఆర్ మేడమ్ లోకల్ మనిషి కోసం వెతకడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ వాళ్లంతా ఒడిశా, బీహార్. క్యాంటీన్‌లో వంటవాళ్లు నేపాల్. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు పాలమూరు, కొందరు మెదక్. డ్రైవర్లు నల్లగొండ. ఇంజనీర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ఇంత పెద్ద బిల్డింగ్‌లో ఒక్క లోకల్ మనిషి లేడేంటండీ!" అంది తల పట్టుకుని.

"అవునండీ," అన్నాను నేను.

నేనున్నానని అనాలనిపించలేదు. నేనే అంటే ఇక మొదలవుతుంది. అయ్యో మొదలవుతుంది, మీటింగులో కుర్చీ వేస్తారు, నాకూ ఒక శాలువా కప్పుతారు. ఇంటికెళ్లి ఆ శాలువా మడత పెట్టుకునే ఓపిక కూడా నాలో లేదు.

బుధవారం సాయంత్రం ఎవరు నోరు పెట్టారో గానీ వాన దంచికొట్టింది. రోడ్లు నిండిపోయాయి. నా స్కూటర్ బేస్‌మెంటులోనే వదిలేసి ఎంఎంటీఎస్ రైలెక్కాను. ఆ స్కూటర్‌కు ఒక నిర్ణీతమైన చోటుంది. రెండో బేస్‌మెంటులో జనరేటర్ గది పక్క స్తంభం. వేడి, డీజిల్ వాసన, ఎవరికీ అక్కర్లేని చోటు. అయినా నేను పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి అక్కడే పెడతాను. ఎప్పుడైనా వేరే బండి కనిపిస్తే ఆ రోజంతా నాకు మనసు బాగుండదు. 'సార్ రిజర్వేషన్' అని సెక్యూరిటీ వాళ్లు నవ్వుకుంటారు.

తడిసి ఇంటికి చేరితే అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది.

"ఏమైందిరా, మొఖం గట్ల వేలాడేసినవ్?"

"ఒక ముసలామె వచ్చింది ఆస్ట్రేలియా నుంచి. బొమ్మ గియ్యమంటే గీస్తలేదు."

"గియ్యకుంటే నీకేం ఫికర్?"

"ఆమె పెద్దల బొమ్మలట. ఈ జాగ మనుషుల్ని అడగంది గియ్యదట."

అమ్మ చేతులు ఆగాయి. ఫోనులో తీసుకున్న ఆ చిన్న పటం ఫోటో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"కండ్లు మంచిగున్నయ్. మన పోశమ్మ రాయికి పెట్టినట్టు. నోరేది?"

"ఉండదట."

"నోరు లేకుంటే అన్నమెట్ల తింటరు?"

"తినరట. రంగు పాతగైతే మళ్ళ ఎయ్యాలట. గంతే."

"అట్లనా," అని మళ్లీ చూసింది. "మనోళ్ళకు ఆకలైతది. ఆమెవాళ్ళు ఎలిసిపోతరు. పాపం, ఎవల పరేషాన్ వాళ్ళది." ఫోను తిరిగి ఇస్తూ ఆగింది. "మరి ఆమెకు ఎవలు చెప్పిండ్రు? గీసుకో తల్లీ అని?"

"ఎవలూ చెప్పలే. ఈడోళ్ళు ఎవలున్నరు?"

ఆ తర్వాత నేను తిట్లు తిన్నాను. అలా తిట్టి చాలా ఏళ్లయింది. "సముద్రం దాటొచ్చి, దర్వాజ కాడ నిలవడి, లోపటికి రావచ్చునా అని అడుగుతుంటే జవాబు చెప్పెటోడు లేడా? మూడొద్దుల సంది ఆడిమనిషిని కూసోవెట్టిండ్రా? నువ్వు ఆడనే ఉండి మూగోని లెక్క ఉన్నవా? ఇజ్జత్ ఉన్నదారా మనకు? రేపు నేనొస్త."

వద్దని చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలున్నాయి. వాన, మోకాళ్లు, గేటు దగ్గర తనిఖీ. అన్నీ చెప్పాను. అమ్మ లేచి పప్పు నానబెట్టింది.

పొద్దున ఆటోలో బయల్దేరాం. అమ్మ ఒడిలో స్టీలు టిఫిను, దాని మీద మోదుగాకు విస్తళ్లు. కొండాపూర్ దాటినప్పటి నుంచి అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది. ఎటు చూసినా తను గుర్తుపట్టేది ఏదీ లేదు. క్యాంపస్ గేటు దగ్గర ఆటో ఆగాక గుండును చూసింది. దాని మీద కంపెనీ లోగో, చుట్టూ లైట్లు, తడిసిన పచ్చిక.

"గిది మన గుండే కద," అంది.

"మనదే."

"దీనికెందుకురా గిన్ని సోకులు!"

గేటు దగ్గర ఒడిశా పిల్లాడు అమ్మ టిఫిను తెరిచి చూశాడు. ఎవరిని కలవాలి అని హిందీలో అడిగాడు. నేను ఏదో చెప్పబోతుంటే అమ్మే చెప్పింది. "మా చేను కాడికి పోతున్నం బిడ్డా." వాడికి ముక్క అర్థం కాలేదు. నా ముఖం చూసి మెడలో వేసుకునే విజిటర్ కార్డు ఇచ్చాడు. అమ్మ దాన్ని కొంగు కింద దాచుకుంది.

లాబీలో ముసలావిడ స్టూలు మీద ఉంది. హెచ్‌ఆర్ మేడమ్ పక్కనే నిలబడి ఫోనులో ఎవరికో ఏదో సర్దిచెబుతోంది. నేను ముసలావిడ దగ్గరికి వెళ్లి, ఈమె మా అమ్మ, మేం ఈ నేల మనుషులం అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. హెచ్‌ఆర్ మేడమ్ ఫోను దించేసింది.

"మీరు లోకలాండీ? చెప్పనేలేదే! ఎక్కడండీ మీ లాండ్?"

"ఇక్కడేనండీ. కింద."

"అయ్యో," అంది. వస్తుందనుకున్నదే వచ్చింది. ఇంకా ఏదో అనబోయి అమ్మను చూసి ఆగిపోయింది. అందుకు ఆమెకు ఇప్పటికీ నా మనసులో ఒక నమస్కారం ఉంది.

ముసలావిడ కష్టపడి లేచి నిలబడింది. ఊలు టోపీ తీసింది. అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మాట్లాడింది. నేను తెలుగులో చెప్పాను. నా తండ్రి నేల నుంచి వచ్చాను, నా పెద్దలను తెచ్చాను, మీ నేల మీద వాళ్లను కూర్చోబెట్టవచ్చా, మీరు వద్దంటే కాన్వాసు చుట్టేసి పోతాను, బాధ లేదు.

అమ్మ నా వైపు తిరిగింది.

"నన్నే అడుగుతున్నదా?"

"నిన్నే."

అమ్మ టిఫిను కింద పెట్టింది. "మమ్ముల ఎవలూ అడగలేదురా ఇంతదాంక," అంది. "మీ నాయినను అడగలే. నన్నడగలే. ఈమెవలో, ఏ దేశమో, ఈమెకున్న తెలివి…" కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు. అవసరం లేకపోయింది.

తర్వాత అమ్మ తన మామూలు గొంతులోకి వచ్చేసింది. "నేను కోడలిగ వచ్చినదాన్ని. నేనొక్కదాన్ని సరే అంటే కాదు. అడిగేటోళ్ళను అడగాలె అని చెప్పు. రాళ్ళ కాడికి తీస్కపో." ఆగి, నా ముఖంలోకి చూసింది. "ఏడనో నీకెరికేనా?"

"ఎరికే," అన్నాను.

నలుగురం లిఫ్టులో రెండో బేస్‌మెంటుకు దిగాం. ఆ చోటు నాకెలా తెలుసని హెచ్‌ఆర్ మేడమ్ తర్వాత అడిగింది. గుండు కదల్లేదు కదా. గుండుకు వీపు ఆనించి, పడమటి గుట్ట వైపు తిరిగి చూస్తే ఎడమచేతి మూల మా రాళ్లు. పునాదులు తవ్వుతున్నప్పుడు రోడ్డు మీద నిలబడి చూశాను. రాళ్లు, మన్ను అంతా టిప్పర్లలో ఎత్తుకుపోయారు. కానీ మన్ను పోయినా చోటు ఎక్కడికి పోతుంది? ఈ ఆఫీసులో చేరిన మొదటి రోజే వచ్చి చూసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ వస్తానంటుంది, వచ్చి ఈ సిమెంటు చూస్తుంది, ఇక్కడ కూడా వాళ్లు లేరని తేలిపోతుంది. లేరని తేలడం కంటే దారి తప్పారనుకోవడం నయమనిపించింది.

ట్యూబులైట్లు, పైపులు, డీజిల్ వాసన. జనరేటర్ గది పక్క స్తంభం దగ్గర ఆగి, ఇక్కడే అన్నాను.

ముసలావిడ మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత గట్టిగా, తన భాషలో, ఆ స్తంభంతో మాట్లాడింది. ఎవరి బిడ్డో, ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతోందని మాత్రం తెలిసింది. ఆ గొంతు బేస్‌మెంటు అంతా తిరిగి వచ్చింది. దూరంగా కారు దిగుతున్న కుర్రాడొకడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి నిలబడిపోయాడు.

అమ్మ మూడు విస్తళ్లు పరిచింది. రెండింటిలో అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు. మూడోదానిలో కారం లేని పప్పు, బెల్లం ముక్క. దీపం వెలిగించబోతే హెచ్‌ఆర్ మేడమ్ గుసగుసగా, "స్మోక్ డిటెక్టర్ ఉందండీ," అంది. అమ్మ అగ్గిపెట్టె మళ్లీ బొడ్లో దోపుకుంది.

"మామా," అంది స్తంభాన్ని చూసి. "గీమె దూరం నుంచి వచ్చింది. ఆమె పెద్దల్ని మన కాడ ఉంచుతదట. వాళ్ళకు నోర్లు లేవు, మీ పాలుకు రారు. తినని చుట్టాలు ఎన్నొద్దులుంటె మనకేంది? ఉండనియ్యండ్రి." ముసలావిడ వైపు తల ఊపింది. "గీసుకొమ్మను."

అప్పటిదాకా బాగానే ఉంది అమ్మ. లేవడానికి నా చెయ్యి అందుకోబోతూ చిన్న విస్తరి వైపు చూసింది. ముఖం మళ్లీ మారిపోయింది. కాకి లేదు, గాలి లేదు, మన్ను కూడా లేదు. "పిల్లగాడు ఈడ ఉంటడారా?" అంది. "ఈ చీకట్ల?"

నేను భయపడ్డది ఇందుకే. ముఖం పక్కకు తిప్పుకున్నాను. అమ్మ చూపు నా వెనకే వచ్చి స్తంభం పక్కనున్న స్కూటర్ మీద ఆగింది. దాని హ్యాండిల్‌కు అమ్మ స్వయంగా కట్టిన నల్లదారం ఉంది.

"గిది నీ బండే కద."

"ఆ."

"గీడ వెట్టినవా?"

"ఈడనే పెడత."

"రోజూ?"

"రోజూ. చేరినకాడ్నుంచి."

అమ్మ స్కూటర్‌ను చూసింది, స్తంభాన్ని చూసింది, నన్ను చూసింది. ఎందుకు పెడతావని అడుగుతుందేమోనని బెదిరాను. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. అడగలేదు. ఆమె ముఖంలో ఎన్నో ఏళ్ల ముడి ఒకటి నెమ్మదిగా విడిపోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

"అయితే వాళ్ళకు ఇల్లు ఎరికేరా," అంది. "రోజూ నీ ఎంబడి వస్తనే ఉన్నరు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. హెచ్‌ఆర్ మేడమ్ పైపుల వైపు చూస్తూ నిలబడింది. ముసలావిడ తన ఊలు టోపీని నా చేతిలో పెట్టింది, కళ్లు తుడుచుకోమని.

ఆ మధ్యాహ్నమే ఆమె నిచ్చెనెక్కింది. తెల్లరంగు వేసింది, కళ్లు పెట్టింది. అమ్మ సాయంత్రం దాకా ఆమె ఇచ్చిన రెండు శాలువాలు కప్పుకుని పక్కనే కూర్చుని చూసింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఒకే టిఫిన్లో గారెలు తిన్నారు. ఆవిష్కరణ శుక్రవారం అనుకున్నట్టే జరిగింది. చప్పట్లు, ఫోటోలు. నాకు శాలువా కప్పబోతే తప్పించుకున్నాను. సోమవారం పొద్దున్నే ఏసీ చల్లగా లేదని మెయిలు వచ్చింది. అలసట ఎక్కడికీ పోలేదు. అయితే ఇప్పుడు లాబీలోంచి నడుస్తున్నప్పుడు ఆ పెద్ద కళ్లు నన్ను చూస్తాయి. ఏమీ అడగవు. ఆఫీసులో నన్ను ఏమీ అడగని వాళ్లు వాళ్లే.

అమ్మ ఆఫీసుకు వచ్చిన ఆ రోజు సాయంత్రం మాత్రం ఇంకొకటి జరిగింది. వాన వెలిసింది. ఆటో మాట్లాడతానంటే అమ్మ వద్దంది, బండి మీదే వస్తానంది. బేస్‌మెంటులో స్కూటర్ తీశాను. అమ్మ వెనక కూర్చుని నా భుజం పట్టుకుంది. నా ఆఫీసు బ్యాగు ఎప్పటిలాగే ముందు, కాళ్ల దగ్గర పెట్టుకుని స్టార్టు చేశాను.

"ఆగు," అంది అమ్మ. "ఆ సంచి గిటియ్యి. పిల్లగాడు ముందట నిలవడాలె కద."

బ్యాగు తీసి అమ్మ ఒళ్లో పెట్టాను. మోకాళ్లు కొంచెం ఎడంగా జరుపుకున్నాను. లింగంపల్లి దాకా మెల్లగా నడిపాను.